రాయిలో ఏది మిగలాలి?

హైదరాబాద్‌లో పత్తర్‌గట్టి అయినా పంజాగుట్ట అయినా బంగారం దుకాణం ఇచ్చే చీటీ తీరు ఒక్కటే. పైన మొత్తం బరువు. దాని కింద రాళ్ల బరువు, దాన్ని మొత్తంలోంచి తీసేస్తారు. మిగిలిన బంగారానికి ఆనాటి ధర, దాని మీద తరుగు, మజూరీ. రాళ్ల ఖరీదు అడుగున ఎక్కడో విడిగా ఉంటుంది. పదేళ్ల తర్వాత అదే హారాన్ని మార్చుకోవడానికి తీసుకెళితే, పెద్ద వజ్రాల సంగతి వేరుగానీ, మిగతా రాళ్ల వరుస దాదాపు సున్నా అవుతుంది. ‘రాళ్లకు ఏమీ రాదమ్మా’ అనే మాట వినని ఇల్లు ఈ ఊళ్లో అరుదు. అందుకే కూతురి పెళ్లికి నగలు చేయించే తల్లి ‘రాళ్లు తగ్గించండి, బంగారం కనబడాలి’ అంటుంది. ఆమె లెక్కలో తప్పేమీ లేదు.

ఇలాంటి ఊళ్లో ఎవరైనా మామూలు నల్లరాయిని అరగదీసి, వెనక వెండి పిన్ను తగిలించి, వేలల్లో ధర చెబితే మనకు తోచేవి రెండే. మోసమైనా అయ్యుండాలి, డబ్బున్నవాళ్ల సరదా అయినా అయ్యుండాలి. రెండూ అప్పుడప్పుడు నిజమే. కానీ ప్రపంచంలో చాలా చోట్ల, కొన్ని దశాబ్దాలుగా, రాయినే ప్రధాన పదార్థంగా తీసుకుని నగలు చేసే కళాకారులు ఉన్నారు. వాళ్ల పనిని మ్యూజియాలు కొంటున్నాయి, కళాశాలలు పాఠంగా చెబుతున్నాయి. అందులో అంత విలువ ఏముందని అడిగితే మాత్రం ఆ రంగంవాళ్లు అర్థంకాని పెద్ద మాటల్లోకి దిగుతారు. సూటిగా చెప్పడం అంత కష్టమేమీ కాదని నా నమ్మకం.

రాయిని సానపట్టడమంటే కొంత పోగొట్టుకోవడం. కోసిన ప్రతిసారీ కొంత భాగం పొడై నీళ్లలో కలిసిపోతుంది. బంగారంలా కరిగించి మళ్లీ పోతపోయడానికి వీల్లేదు. కాబట్టి సాన ముందు కూర్చున్న మనిషి మొదట తేల్చుకోవలసింది, ఈ రాయిలో ఏది మిగలాలి అన్నదే. బరువా, వెలుగా, పుట్టుకతో వచ్చిన ఆకారమా, దాని మీద ఎవరో చెక్కించుకున్న పేరా? ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది. ఇప్పటి కళాకారులు ఇస్తున్నది ఆ వరుసలో ఇంకొకటి.

గోల్కొండ ఒకటన్నది, లండన్ ఇంకొకటన్నది

17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వజ్రాల కోసం గోల్కొండ రాజ్యానికి పలుమార్లు వచ్చాడు. కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనినీ చూశాడు. ఇక్కడి సానవాళ్ల గురించి ఆయన ఆసక్తికరమైన సంగతి రాసిపెట్టాడు. రాయి శుభ్రంగా ఉంటే పైపైన మెరుగుపెట్టి వదిలేస్తారట. ఆకారం కోసం కోయరు, బరువు పోతుందని. మచ్చో పగులో ఉంటే మాత్రం దాన్ని కప్పిపుచ్చడానికి చిన్న చిన్న పలకలు చెక్కుతారు. అంటే ఒళ్లంతా పలకలున్న రాయి కనబడితే కొనేవాడు కాస్త అనుమానించాలన్నమాట. ఇప్పుడు మనం మెచ్చుకునేదానికి ఇది సరిగ్గా వ్యతిరేకం.

మన పూర్వులు రాయి సహజరూపాన్ని గౌరవించారని దీన్ని చూపించి గర్వపడేవాళ్లున్నారు. టావెర్నియే చెప్పిన కారణం అంత కవితాత్మకంగా లేదు. ధర పలికేది బరువుకు, కాబట్టి బరువు పోకూడదు. కారణం వ్యాపారమే అయినా దానివల్ల పనితనం ఒక దారి పట్టింది. అలా మిగిలిన రాళ్లలో ఏ రెండూ ఒకలా ఉండవు. వంకర రాయికి వంకర గూడు కావాలి. కుందన్ పని ఇలాంటి రాళ్లకు సరిగ్గా సరిపోతుంది. మేలిమి బంగారాన్ని పల్చటి రేకుగా సాగగొట్టి, రాయి అంచు చుట్టూ పనిముట్టుతో ఒత్తుకుంటూ పోతే, నిప్పు తగలకుండానే రేకు మీద రేకు అతుక్కుని రాయిని పట్టేస్తుంది. బంగారంలో కొంచెం రాగి కలిసినా ఈ అతుకు సరిగ్గా పడదు. పాదాన్ని బట్టి చెప్పు కుట్టినట్టు, ఇక్కడ రాయిని బట్టి బంగారం ఒదుగుతుంది. మన దుకాణాల్లో ‘అన్‌కట్’ అనీ ‘పోల్కీ’ అనీ పిలిచే వజ్రాల నగలు ఈ పద్ధతికి కొనసాగింపే. 2021 జూన్‌లో బంగారు నగలకు హాల్‌మార్క్ తప్పనిసరి చేస్తూ కుందన్, పోల్కీ, జడావు నగలను మినహాయించారు. లోపల లక్క, పైన మేలిమి రేకు, కింద తక్కువ క్యారట్ల బంగారం, మధ్యలో రాళ్లు ఉన్న వస్తువుకు ఒకే స్వచ్ఛత ముద్ర వేయడం ఎంత చిక్కో ఊహించుకోవచ్చు.

మొగలు దర్బారు దృష్టిలో మిగలవలసింది పేరు. కెంపుల్లా కనబడే స్పినెల్ అనే వేరే జాతి రత్నాలను, పెద్ద పెద్దవాటిని, గుండ్రంగా మెరుగుపెట్టించి, వాటి మీద చక్రవర్తుల పేర్లు, సంవత్సరాలు చెక్కించారు. ‘తైమూర్ రూబీ’ అని లోకం పిలిచే రాయి నిజానికి కెంపు కాదు, 352.5 క్యారట్ల స్పినెల్. దాని మీద జహంగీర్, షాజహాన్ మొదలుకొని నాదిర్‌షా, అహ్మద్‌షా దురానీ వరకు పేర్లున్నాయి. చేతులు మారుతున్నకొద్దీ వరుసలు చేరాయి. మెరుపు ఎంత ఉందని అక్కడ ఎవరూ లెక్కపెట్టలేదు. ఆ రాయి ఎవరెవరి దగ్గర ఉండి వచ్చిందన్నదే దాని విలువ.

తర్వాత ఈ రాళ్లు లండన్ చేరాయి. 1852లో కోహినూర్‌ను అక్కడ తిరగకోశారు. 186 క్యారట్ల రాయి 105.6 క్యారట్లకు దిగింది. 1866లో ‘అక్బర్ షా’ వజ్రం వంతు వచ్చింది. 116 క్యారట్లు కాస్తా 71.7 అయ్యాయి, రాయి మీద ఉన్న శాసనాలు పొడిలో కలిసిపోయాయి. కోసినవాళ్లు దాన్ని పాడుచేశామని అనుకోలేదు, బాగుచేశామనే అనుకున్నారు. వాళ్లకు మిగలవలసింది వెలుగు. లోపలికి వెళ్లిన కాంతి అడుగున తగిలి, తిరిగి పైకే రావాలి. ఆ కోణాలను 1919లో మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కకట్టి చూపించాడు. ఇప్పుడు నగల దుకాణం దీపాల కింద మెరిసే గుండ్రటి వజ్రాలన్నీ ఆ లెక్కకు వారసులే. ఆ ఆకారం తీయడానికి గనిలోంచి వచ్చిన రాయిలో సగం దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ, వదులుకుంటారు.

రాళ్లకు ఏమీ రాకపోవడానికి మూలం ఇక్కడే కొంత ఉంది. అన్ని రాళ్లనూ ఒకే లెక్క ప్రకారం కోస్తే ఒకదాని స్థానంలో ఇంకొకటి పెట్టుకోవచ్చు. అలా పెట్టుకోగలిగిన వస్తువుకు టోకు ధర ఉంటుందిగానీ చరిత్ర ఉండదు. మీ హారంలోని 2 మిల్లీమీటర్ల కెంపును ఊడదీసి దుకాణదారు ఏం చేసుకోవాలి? అంతకన్నా చవగ్గా కొత్తవి పొట్లాల్లో దొరుకుతాయి. రాయి విలువ పోయింది దాని గుణం వల్ల కాదు, దాన్ని సరుకుగా మార్చిన పద్ధతి వల్ల.

లోపాన్ని వెతుక్కుంటూ వెళ్లినవాళ్లు

ఈ లెక్కను మొదట తలకిందులు చేసినవాళ్లలో అమెరికాకు చెందిన మార్గరెట్ డి పాటా ఒకరు. 1940-41లో ఆమె షికాగోలో మొహోలీ-నాగ్ అనే కళాకారుడు నడిపిన డిజైన్ బడిలో చదువుకున్నారు. కాంతి, కదలిక, పారదర్శకత ఆ బడి మంత్రాలు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఫ్రాన్సిస్ స్పెరిసెన్ అనే సానపనివాడితో కలిసి ఆమె క్వార్ట్జ్ స్ఫటికాలను కొత్తగా కోయించారు. లోపల రూటైల్ అనే ఖనిజం సూదుల్లాంటి గీతలుగా ఉన్న స్ఫటికాన్ని రత్నాల వర్తకుడు పక్కన పడేస్తాడు. ఆమెకు కావలసినవి ఆ గీతలే. పెట్టుకున్న మనిషి కదిలినప్పుడు అవి పెద్దవయ్యేలా, రెండుగా విడిపోయేలా, మాయమయ్యేలా ముఖాలు తీయించారు. రాయి చవక, కోత మాత్రం ఎవరూ అంతకుముందు చేయనిది. నగ విలువ ముడిసరుకు నుంచి నిర్ణయం వైపు జరగడం అక్కడ స్పష్టంగా కనబడుతుంది.

జర్మనీలో ఇదే పని ఒక ఊరు మొత్తం మీద జరిగింది. నాహె నది లోయలోని ఇడార్-ఒబర్‌స్టైన్ శతాబ్దాలుగా అగేట్ అనే చారల రాళ్ల ఊరు. చుట్టుపక్కల కొండల్లో రాయి దొరికేది, వాగు నీళ్లతో సానరాళ్లు తిరిగేవి. పనివాళ్లు వాలు బల్ల మీద బోర్లా పడుకుని, కాళ్లు తన్నిపెట్టి, ఒంటి బరువంతా వేసి రాయిని తిరిగే ఇసుకరాతి చక్రానికి ఒత్తేవారు. స్థానికంగా రాయి అయిపోయాక, బతుకుతెరువు కోసం బ్రెజిల్ వెళ్లిన అక్కడివాళ్లే 19వ శతాబ్దంలో రియో గ్రాండే దొ సుల్ ప్రాంతంలో అగేట్ నిల్వలు కనుక్కున్నారు. ఓడలకు అడుగుబరువుగా వేసుకుని ఆ రాయి జర్మనీకి వచ్చింది. రాయి రంగు మార్చే రహస్యాలు కూడా ఆ ఊరికి తెలుసు. అగేట్‌ను చక్కెర ద్రావణంలో నానబెట్టి తర్వాత గంధకామ్లంలో వేస్తే లోపలికి ఇంకిన చక్కెర బొగ్గై రాయి నల్లబడుతుంది. మనం ఓనిక్స్ అని కొనే నల్లరాళ్లలో చాలావాటి కథ ఇదే.

ఆ ఊరి సానపనివాళ్ల కుటుంబంలోంచి వచ్చినవాడు బెర్న్డ్ మున్‌స్టైనర్ (1943-2024). రాయి వెనకవైపు నుంచి లోతుగా గాట్లు, ముక్కోణాలు కోసి, ముందు నుంచి చూస్తే రాయి లోపల వెలుగుతో కట్టిన నిర్మాణం కనబడేలా చేయడం ఆయన మార్గం. బ్రెజిల్‌లో దొరికిన ఆక్వామెరిన్ అనే లేత నీలిరంగు రత్నపు పెద్ద స్ఫటికాన్ని ఒకదాన్ని ఆయన 1990ల మొదట్లో చేతుల్లోకి తీసుకున్నాడు. నెలల తరబడి చూస్తూ, గీసుకుంటూ గడిపాక కోత మొదలుపెట్టాడు. తయారైంది ‘డొమ్ పెడ్రో’. సుమారు 35 సెంటీమీటర్ల ఎత్తు, 10,363 క్యారట్లు, అంటే రెండు కిలోలకు పైన. ఇప్పుడది వాషింగ్టన్‌లో స్మిత్సోనియన్ సహజచరిత్ర మ్యూజియంలో ఉంది. దాన్ని వేల ఉంగరాల రాళ్లుగా కోసి అమ్ముకోవచ్చు. కోయకపోవడమే అక్కడి కళ.

హాంకాంగ్‌కు చెందిన వాలెస్ చాన్ 1987లో ఇంకో అడుగు వేశాడు. పారదర్శకమైన రాయి వెనక ఒక ముఖాన్ని లోపలికి చెక్కి, చుట్టూ పలకల కోణాలు కుదిరిస్తే, ముందు నుంచి ఆ ఒక్క ముఖం అయిదుగా కనబడుతుంది. ఎడమ కుడి తారుమారుగా, లోతు తలకిందులుగా ఊహించుకుంటూ చెక్కాలి. పళ్ల డాక్టర్లు వాడే డ్రిల్లును మార్చుకుని, వేడికి రాయి పగలకుండా నీళ్లలో ముంచి చెక్కడం అలవాటు చేసుకున్నాడు. చూడగానే నోరు తెరిపించే పని ఇది. నాకు మాత్రం డి పాటా చవకరకం క్వార్ట్జే ఎక్కువ నచ్చుతుంది. చాన్ పనిలో నైపుణ్యం ముందు నిలబడి రాయిని కప్పేస్తుందేమోనని అనుమానం.

బంగారం నల్ల రబ్బరులో, మేకు కెంపులో

పైవాళ్లంతా రాయి అందంగా ఉండాలన్న విషయంలో వర్తకులతో ఏకీభవించినవాళ్లే. 1980లో స్విస్ కళాకారుడు ఒట్టో క్యూంజ్లీ ఆ ఒప్పందాన్ని కూడా వదిలేశాడు. నల్ల రబ్బరు గొట్టంతో ఒక గాజు చేశాడు. ఒకచోట చిన్న ఉబ్బు, లోపల బంగారు గుండు. బంగారం మనిషిని గుడ్డివాణ్ని చేస్తుంది అనే అర్థమున్న పేరు పెట్టాడు. లోపల నిజంగా బంగారం ఉందో లేదో చూడాలంటే రబ్బరు కోయాలి, కోస్తే ఆ నగ ఉండదు. చేసినవాడి మాట నమ్మడం తప్ప దారి లేదు. మన హాల్‌మార్క్ సంస్కృతికి ఇంతకన్నా చిలిపి ప్రశ్న ఇంకొకటి కనబడదు. అన్నట్టు, 184.75 క్యారట్ల జేకబ్ వజ్రాన్ని ఏడో నిజాం కాగితాలు ఎగిరిపోకుండా బరువుగా పెట్టుకున్నాడని చెబుతారు. తండ్రి చెప్పు ముందుభాగంలో అది దొరికిందని కథ. తెలియకుండానే ఆయన క్యూంజ్లీ కన్నా దాదాపు డెబ్బై ఏళ్ల ముందు అదే బాటలో నడిచాడనుకోవచ్చు.

క్యూంజ్లీ తర్వాతి తరంలో రాయి మీద నేరుగా చేయి చేసుకున్నవాడు కార్ల్ ఫ్రిట్ష్. జర్మనీలో పుట్టి న్యూజిలాండ్‌లో స్థిరపడ్డాడు. రత్నాలకు బెజ్జాలు వేసి మేకులు దించాడు. వేలిముద్రలు అలాగే కనబడే మొరటు లోహం మీద రాళ్లను గుట్టగా పోశాడు. చూసిన వెంటనే మనకు కలిగే బాధ ఉందే, అదే ఆయనకు కావలసింది. ‘అయ్యో, మంచి రాయి పాడైంది’ అని బాధపడినప్పుడు మనం ఏ విలువ కోసం బాధపడుతున్నామో బయటపడుతుంది.

దీనికి ఎదురు దిశలో వెళ్లినవాళ్లు ఏ విలువా లేని రాయిని ఎత్తి పట్టుకున్నారు. ఫిన్లాండ్‌కు చెందిన టార్యా టూపానెన్ పాలరాతి పళ్లేలు, గిన్నెల్లాంటి తయారైన వస్తువులను తీసుకుని, కోసి బ్రూచ్‌లుగా, అంటే బట్టలకు గుచ్చుకునే నగలుగా, మార్చింది. న్యూజిలాండ్‌లో 1988లో ఎముక, రాయి, గవ్వలతో చేసిన కొత్త నగల ప్రదర్శన ఒకటి తయారై విదేశాల్లో తిరిగింది. వారిక్ ఫ్రీమన్ లాంటివాళ్లు అందులో ఉన్నారు. యూరప్ బంగారాన్ని అనుకరించడం మాని, తమ నేల మీద దొరికే రాయి ఏం చెబుతుందో వినాలన్నది వాళ్ల పట్టుదల. అయితే ‘తమ నేల’ అన్న మాట అక్కడ అంత తేలిక కాదు. పౌనాము అనే ఆకుపచ్చ రాయి అక్కడి మూలవాసులైన మావోరీలకు పవిత్రం. 1997లో చట్టం చేసి, దక్షిణ ద్వీపంలో ప్రకృతిసిద్ధంగా దొరికే పౌనాము మీద యాజమాన్యాన్ని ఙాయ్ తాహు తెగకు అప్పగించారు. ఎవరి రాయిని ఎవరు చెక్కవచ్చన్న ప్రశ్న అక్కడి కళాకారులకు రోజువారీ వ్యవహారం. మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా మొదలే కాలేదు.

250 కోట్ల ఏళ్ల రాయి మీద ఊరు

హైదరాబాద్ విచిత్రమేమిటంటే, వజ్రాల పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఈ ఊరి కింద వజ్రాలు లేవు. అవి కృష్ణ ఒడ్డు గనుల నుంచి, కర్నూలు వైపు నుంచి వచ్చేవి. గోల్కొండ వాటి సంత. ఊరి కింద ఉన్నది గ్రానైట్. సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. గుండ్ల మీద గుండ్లు పేర్చినట్టున్న మౌలాలీ, ఖాజాగూడ, దుర్గం చెరువు కొండలు దానివే. వాటిని కాపాడాలని 1996 నుంచి ఒక సంఘమే పనిచేస్తోంది. కొండలు మాత్రం అపార్ట్‌మెంట్లకు దారి ఇస్తూనే ఉన్నాయి. ఒంగోలు దగ్గరి చీమకుర్తి గెలాక్సీ రాయిలో బంగారు చుక్కల్లా మెరిసే ఖనిజాన్ని చూసి విదేశాలవాళ్లు ముచ్చటపడి కొంటారు. మనం దాన్ని వంటగట్టుగా వేసుకుని మీద కూరగాయలు తరుగుతాం.

మరి ఈ ఊరి గ్రానైట్‌తో నగ చేయవచ్చా? చేయవచ్చు, కానీ చేయి పెట్టగానే ఇబ్బందులు తెలుస్తాయి. గ్రానైట్ ఒకే ఖనిజం కాదు. క్వార్ట్జ్ గట్టితనం 7, గులాబీ రంగు ఇచ్చే ఫెల్డ్‌స్పార్ 6, నల్ల మైకా 3 లోపే. మెరుగుపెట్టేటప్పుడు మెత్తనిది ముందు అరిగి గుంటలు పడుతుంది, పల్చగా కోస్తే మైకా దగ్గర పొర ఊడుతుంది. ఖనిజాల రేణువులు పెద్దవి కాబట్టి ఉంగరమంత ముక్కలో ఒక గులాబీ మచ్చ, ఒక నల్ల చుక్క మాత్రమే పడవచ్చు, రాయి స్వభావం కనబడదు. అందుకే అది బ్రూచ్, లాకెట్ సైజును కోరుతుంది. బరువు గురించి మాత్రం భయం అక్కర్లేదు. 3 సెంటీమీటర్ల పొడవు, 2 సెంటీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల మందమున్న గ్రానైట్ ముక్క 8 గ్రాములుంటుంది. అదే పరిమాణంలో 22 క్యారట్ల బంగారం 50 గ్రాములు దాటుతుంది.

గట్టితనం, దిటవు ఒకటి కాదని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. గీత పడకపోవడం వేరు, పగలకపోవడం వేరు. వజ్రం గీతల పోటీలో 10 తెచ్చుకుంటుంది, సరైన కోణంలో దెబ్బ పడితే మాత్రం చీలిపోతుంది. జేడ్‌ది 6, 6.5 మధ్యే. దాని లోపలి నూలుపోగుల అల్లిక వల్ల దాన్ని పగలగొట్టడం చాలా కష్టం. సాలార్‌జంగ్ మ్యూజియంలో షాజహాన్ బిరుదు చెక్కిన జేడ్ ఉంగరం ఒకటుంది. బాణం వేసేవాళ్లు వింటితాడు కోసుకోకుండా బొటనవేలికి తొడుక్కునే రకం. అది నగా, పనిముట్టా అంటే రెండూ. సున్నితమైన రాయితో ఆ పని జరగదు.

పదార్థం తెలిసి పనిచేస్తే రాయి ఎంతవరకు వస్తుందో చూడాలంటే రామప్ప గుడికి వెళ్లాలి. 13వ శతాబ్దపు ఆ గుడిలో గ్రానైట్‌తోపాటు డోలరైట్ అనే నల్లరాయిని వాడారు. రేణువులు సన్నగా, ఒత్తుగా ఉండే రాయి కాబట్టి అద్దంలాంటి నునుపు వస్తుంది, సన్నటి చెక్కడానికి లొంగుతుంది. చూరు కింది మదనికల ఒంటి మీది హారాలు, కంకణాలు ఆ రాతిలోనే ఉన్నాయి. ఆ డోలరైట్ దారలు హైదరాబాద్ గ్రానైట్‌ను కూడా అక్కడక్కడ చీల్చుకుంటూ వెళ్తాయి. ఈ ఊరి రాయితో పనిచేయాలనుకునే విద్యార్థి మొదట పట్టుకోవలసింది దాన్నే అని నా అభిప్రాయం.

రాతి నగలు ఇక్కడ కొత్త కాదు. సంగారెడ్డి జిల్లా కొండాపూర్‌లో 1940లలో తవ్వినప్పుడు శాతవాహనుల కాలపు అగేట్, కార్నీలియన్ పూసలు బయటపడ్డాయి. కార్నీలియన్‌ది కూడా రంగు మార్చిన కథే. పసుపు, గోధుమ రంగు రాయిని నిప్పుల వేడిలో మెల్లగా కాలిస్తే అందులోని ఇనుము ఎర్రబడుతుంది. కొత్తగూడెం దగ్గరి గరీబ్‌పేటలో దొరికే గార్నెట్ అనే ముదురు ఎర్రరాళ్లు ఇంకా దూరం వెళ్లాయి. పుదుచ్చేరి దగ్గరి అరికమేడులో దొరికిన పూసల రాయి అక్కడిదేనని 2017లో శాస్త్రవేత్తలు రసాయన పోలికలతో చూపించారు. ఇవేవీ నవరత్నాల పట్టికలో మొదటి వరుస రాళ్లు కావు. అయినా మనుషులు వాటికి రోజుల తరబడి బెజ్జాలు వేస్తూ కూర్చున్నారు.

ధర ఎలా అర్థం చేసుకోవాలి

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్‌లో వెండిలో పచ్చిరాళ్లు పొదిగిన నగలు ఇప్పుడు విరివిగా కనబడుతున్నాయి. అందులో అన్నీ కళ కాదు. సానపట్టని రాయిని వెండి పంజాలో ఇరికించి ‘సహజం’ అనే చీటీ తగిలించడం అన్నిటికన్నా తేలిక. తేడా పట్టుకోవడానికి రాయి వైపు చూసి ఒక్క ప్రశ్న వేసుకుంటే చాలు. ఈ రాయిని తీసేసి ఇంకో రాయి పెడితే నగ మారుతుందా? మారకపోతే అది మామూలు సరుకే, మామూలు ధరే ఇవ్వాలి.

కొనేవాళ్లు అమ్మేవాళ్లను అడగవలసినవి కొన్ని ఉన్నాయి. రాయికి రంగు వేశారా, కాల్చారా, పగుళ్లలో గాజు నింపారా? రంగు వేయడం, కాల్చడం రెండు వేల ఏళ్లనాటి అలవాట్లే, ఏది చేసినా దాచడమే తప్పు. గాజు నింపిన కెంపును మాత్రం వేడికీ ఆమ్లాలకూ దూరంగా ఉంచాలి, కంసాలి మంట తగిలితే పాడవుతుంది. ల్యాబ్ ధ్రువపత్రం రాయి ఏ జాతిదో చెబుతుంది, పని బాగుందో లేదో చెప్పదు. హాల్‌మార్క్ బంగారం గురించే మాట్లాడుతుంది. కళాకారుల పనికి తిరిగి అమ్మకపు ధర ఉండాలంటే ఎవరు చేశారో, ఎప్పుడు చేశారో, అలాంటివి ఎన్ని ఉన్నాయో కాగితం మీద ఉండాలి. పెట్టుబడి అని ఎవరైనా నమ్మబలికితే నమ్మకండి. ఆ మాట చెప్పి అమ్మగలిగింది బంగారం ఒక్కటే. వజ్రాల సంగతి కూడా ల్యాబ్‌లో పెంచిన రాళ్లు వచ్చాక మారిపోయింది. అవీ అదే కార్బన్, అదే మెరుపు, ధర మాత్రం ఎన్నో రెట్లు తక్కువ. అరుదుగా దొరుకుతుంది కాబట్టి విలువ అనే వాదన ఇక ఎక్కువకాలం నిలవదు.

ధరలో కనబడని ఇంకో ఖర్చు ఉంది. రాయిని పొడిగా కోస్తే లేచే సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో పేరుకుని సిలికోసిస్ తెస్తుంది, దానికి మందు లేదు. గుజరాత్‌లోని ఖంభాత్ అగేట్ పనివాళ్లలో ఇది ఎంతోమందిని బలితీసుకుంది. నీళ్లు పోస్తూ కోయడం, ధూళిని లాగేసే యంత్రం, సరైన మాస్క్ లేని చోట తయారైన పూసదండ చవక అంటే ఆ మిగతా డబ్బు ఇంకెవరో చెల్లిస్తున్నారన్నమాట. పైగా కళాకారుల పేరుతో వచ్చే నగల్లో చాలావాటిని గీసేది ఒకరు, కోసేది ఇంకొకరు. డి పాటా గురించి రాసినచోట్ల చాలావాటిలో స్పెరిసెన్ పేరు ఉంటుంది. గుల్జార్‌హౌజ్ వెనక గల్లీల్లో కూర్చుని మన నగలకు రాళ్లు పొదిగే బెంగాలీ పనివాళ్ల పేర్లు ఏ పెట్టె మీదా కనబడవు.

ఇదంతా చదవడం కన్నా చూడటం మేలు. నిజాం నగల్లో 173 వస్తువులను కేంద్రం 1995లో సుమారు 217 కోట్ల రూపాయలకు కొన్నది, కానీ అవి రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటాయి. 2001, 2006లలో సాలార్‌జంగ్‌లో, 2019లో ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో ప్రదర్శించారు, మళ్లీ ఎప్పుడన్నది ప్రకటన వస్తేనే తెలియాలి. జేడ్ వస్తువులు మాత్రం సాలార్‌జంగ్‌లోనే ఉంటాయి, జనమంతా గడియారం దగ్గర గుమిగూడితే ఆ గది ఖాళీగా దొరుకుతుంది. పూసల కోసం కొండాపూర్ మ్యూజియానికి వెళ్లాలి. రాళ్లు చేత్తో పట్టుకుని చూడాలంటే పత్తర్‌గట్టిలో పూసల దండలు అమ్మే దుకాణాల్లో పొద్దున పూట, బేరాలు మొదలు కాకముందు, ఓపికగా చూపిస్తారు. సాలార్‌జంగ్‌కు శుక్రవారం సెలవు.